దేవకన్య దాచిన నిధి

పుట్టినదినపు పండుగ యనగా తెలుగువారి యిండ్లలో నొకనాడు పెద్ద ఆర్భాటముండెడిది కాదు. తెల్లవారుజామున తలంటి నీళ్ళు పోయుట, క్రొత్తబట్టలు కట్టుట, పెద్దలకు నమస్కరించి దీవెనలందుట, మధ్యాహ్నము పాయసముతో భోజనము చేయుట - దీనితో పండుగ ముగిసెడిది. నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను సాయంకాలపు విందు, కేకు, రంగురంగుల బుడగలు వచ్చి చేరినవి. వానితోపాటు క్రొత్త యాటలును వచ్చినవి. అట్టివానిలో నిధివేట యొకటి. నిధిని దాచినది ఒక దేవకన్య యని చెప్పి, ఆమె వ్రాసినట్లుగా చీటీలు కూర్చి, పిల్లలచేత ఇల్లంతయు వెదకించుట ఇందలి వినోదము. మొదటి చీటి చదివినచో రెండవ చీటి యున్న చోటు తెలియును. రెండవది మూడవదానిని చూపును. తుది చీటి నిధియొద్దకు చేర్చును.

దేవకన్య పేరుతో సాగు ఈ వినోదము ఇంగ్లీషువారి విందుల ననుసరించి వచ్చినది. వారి కథలలో ఫెయిరీ యనగా అరచేతిలో ఇముడునంత దేహమును, తూనీగ ఱెక్కలవంటి ఱెక్కలును గల చిన్న దేవకన్య. తెలుగు కథలలోని దేవకన్యలు ఆకాశమునుండి దిగివచ్చి, కొలనులో జలకమాడి తిరిగిపోవువారు. అడవులలో, చెట్ల తొఱ్ఱలలో నుండు వనదేవతలు వేఱు. పేరేదియైనను పసివారికి భేదము లేదు. కంటికి కనబడని స్నేహితురాలొకతె తమకొఱకు ఏదియో దాచియుంచినదన్న తలంపే వారికి చాలును.

ఈ యాటను గూర్చి పెద్దలలో రెండు విధములైన అభిప్రాయములు గలవు. ఇది వట్టి దుబారా యనియు, పిల్లలకు అబద్ధములు నేర్పుట యనియు, తుదకు పోట్లాటతో ముగియుననియు కొందఱందురు. పిల్లలు సంతోషించినచో చాలునని తలచి, డబ్బు చెల్లించి ఏర్పాట్లన్నియు పరుల కప్పగించువారు మఱికొందఱు. ఈ రెండు త్రోవలును సరియైనవి కావు. ఆట మంచిదే. కాని దాని మంచిచెడ్డలు, దానిని కూర్చువారెవరు, ఎట్లు కూర్చుదురు అను దానినిబట్టి యుండును. ఆ పని ఇంటిలోని 13, 14 ఏండ్ల పిల్లలు చేయదగినది. చిన్న తమ్మునికో చెల్లెలికో నిధివేటను సిద్ధపఱచుట వారికి పాఠ్యపుస్తకములలో దొరకని చదువు.

ఇట్టి కూర్పులో ఎంత శక్తి యున్నదో ఒక ప్రసిద్ధ గ్రంథము పుట్టిన విధమే తెలుపును. 1881వ సంవత్సరపు వేసవిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అను రచయిత స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున కుటుంబముతో విడిదిచేసియుండెను. బయట ఎడతెగని వాన. ఆయన భార్యకు మొదటి వివాహమున కలిగిన కుమారుడు లాయిడ్ కు అప్పటికి 13 ఏండ్లు. ఆ బాలుడు ప్రొద్దుపోక రంగులతో బొమ్మలు వేయుచుండగా స్టీవెన్సన్ గూడ ప్రక్కన చేరెను. వారి చేతులలో ఒక దీవి పటము రూపొందెను. పటములోని కొండలకు, రేవులకు పేర్లు పెట్టగా, నిధి యున్న చోటు గుర్తింపగా, కథ తనంతట తాను స్ఫురించెను. వ్రాసిన భాగమును ఆయన ఇంటివారికి చదివి వినిపించెడివాడు. వృద్ధుడైన తండ్రియు ఉత్సాహముతో చేరి, కథలోని ముసలి నావికుని పెట్టెలో ఏయే వస్తువులుండవలయునో జాబితా వ్రాసి యిచ్చెను. 1883లో పుస్తకముగా వెలువడిన 'ట్రెజర్ ఐలండ్' ఇట్లు పుట్టినదే. ఒక కాగితము, ఒక రంగులపెట్టె మూడు తరములవారిని ఒక్క ఆటలో కలిపినవి.

నిధివేటను కూర్చువారును ముందుగా పటమే గీయవలయును. ఇంటిలోని గదులు, వసారా, పెరడు, మెట్లు అన్నియు కాగితముపై గుర్తించి, చీటీలు దాచదగిన చోట్లను నిర్ణయింపవలయును. తరువాతి పని వెనుకనుండి ముందునకు నడువవలయును. మొదట నిధిని దాచు చోటు; పిమ్మట ఆ చోటును తెలుపు తుది చీటి; ఆ పిమ్మట తుది చీటిని దాచు చోటు; దానిని తెలుపు ముందటి చీటి - ఇట్లు వెనుకకు వచ్చి మొదటి చీటిని చేరవలయును. మొదటి చీటి దాచబడదు. అది పిల్లల చేతికే ఈయబడును. ఈ క్రమము తప్పి ముందునుండి వ్రాయబూనినవారు తఱచుగా నడుమ త్రోవ తప్పుదురు. ఏ చీటి ఎచ్చట నున్నది, అది దేనిని చూపుచున్నది అను వివరమును ఒక కాగితమున వ్రాసికొని దగ్గఱ నుంచుకొనుట అవసరము. గాలికి ఒక చీటి ఎగిరిపోయినను, ఎవరైన తొందరపడి ముందే తీసికొనినను, ఆ కాగితము ఆటను నిలుపును.

ఏడెనిమిదేండ్ల పిల్లలకు 6 నుండి 8 చీటీలు చాలును. అంతకు మించినచో వారు అలసిపోవుదురు. మఱియు తక్కువైనచో ఆట రుచి తెలియకముందే ముగియును. చోట్లను ఎన్నుకొనుటలో జాగ్రత్త వలయును. నూతిగట్టు, మేడమీది పిట్టగోడ, వంటపొయ్యి దగ్గఱ, విద్యుత్తు మీటలు, మందులు ఉంచు అలమార, వాహనములు తిరుగు వీధి - వీనిలో నేదియు పనికిరాదు. బల్లలెక్కి అందుకొనవలసిన ఎత్తైన చోట్లును తగవు. వెదకునపుడు పిల్లలకు ఒడలు తెలియదు. అందుచేత ప్రమాదమును ముందుగా ఊహించుట కూర్చువాని బాధ్యత. తానై ఒకసారి మోకాళ్ళపై కూర్చుండి, చిన్నపిల్లల కన్నులెత్తునుండి ఇంటిని చూచినచో అతనికి అనేక సంగతులు తెలియును.

చీటీలు వ్రాయుట ఆటలోని అందమైన భాగము. తెలుగువారికి పొడుపుకథల సంపద అనాదిగా కలదు. వస్తువు పేరు చెప్పక, దాని గుణములను మాత్రము చెప్పి, వినువానిచేత పేరు చెప్పించుటయే పొడుపుకథ. నిధివేట చీటి చేయవలసిన పనియు అదియే. 'రెండు చేతులున్నవి, చప్పట్లు కొట్టవు. పగలు రేయి నడచును, గోడను విడువదు' అన్నచో గడియారమని ఏడేండ్ల బాలుడు చెప్పగలడు. 'పగలెల్ల చుట్టుకొని మూలనుండును, రాత్రి పఱచుకొని నిన్ను మోయును' అన్నచో చాపయని తెలియును. 'తలుపు మూసినచో లోపల చలికాలము, తెఱచినచో దీపము' అన్నచో ఫ్రిజ్జు దగ్గఱకు పరుగెత్తుదురు. ఇట్టివి వ్రాయుటకు ఇంటిలోని ప్రతి వస్తువును క్రొత్తగా చూడవలయును. ఒక బాలిక ఇట్టి చీటీలు ఆరు వ్రాసినచో ఆరు వ్యాసములు వ్రాసినంత అభ్యాసము కలుగును. ఏలయన, వ్యాసమును ఉపాధ్యాయుడొక్కడే చదువును, చీటిని చదివినవారు వెంటనే లేచి పరుగెత్తుదురు. సరిగా వ్రాయకున్నచో వారు కదలరు. రచనకు ఇంతకంటె నిష్కర్షయైన పరీక్ష లేదు.

దేవకన్య వచ్చిపోయిన జాడలు కల్పించుటకును ఎక్కువ సామగ్రి అక్కఱలేదు. కృష్ణాష్టమినాడు వాకిటినుండి దేవుని గదివఱకు చిన్నికృష్ణుని పాదములను బియ్యపుపిండితో వేయుట అనేక గృహములలో ఆచారము. ఆ చిన్న అడుగులు చూచినంతనే ఎవరో నిజముగా నడచి వచ్చినట్లు పిల్లల మనస్సునకు తోచును. దేవకన్య అడుగులకు అంతకంటె మంచి మాదిరి వెదకనక్కఱలేదు. కనబడని వ్రాతయు అట్లే సులభము. తెల్ల కొవ్వొత్తితో తెల్లకాగితముపై గట్టిగా అదిమి వ్రాసినచో ఏమియు కనబడదు. పసుపు కలిపిన నీటిలో దూదిని ముంచి ఆ కాగితముపై రాచినచో, కాగితము పచ్చనై అక్షరములు మాత్రము తెల్లగా నిలుచును. మైనము అంటిన చోట కాగితము నీటిని పీల్చదు. అదియే దీని రహస్యము. నిమ్మరసముతో వ్రాసి వేడి చూపు పద్ధతియు ఒకటి కలదు గాని, పసివారి యాటలో నిప్పునకు చోటీయరాదు.

ఇంతవఱకు చెప్పినది నేర్పునకు సంబంధించినది. నేర్పుకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. పండుగకు 10 మంది పిల్లలు వచ్చిరని ఊహింపవచ్చును. వారిలో ఇద్దఱు పెద్దవారు, గడగడ చదువగలవారు. ఒక పాప ఐదేండ్లది, ఇంకను అక్షరములు కూడబలుకుకొనుచున్నది. ఒక బాలుడు ప్రక్క యింటికి క్రొత్తగా వచ్చినవాడు, ఎవరితోను చనువు లేనివాడు. ముందు కనుగొన్నవానికే నిధి యని నియమము పెట్టినచో, మూడవ చీటితోనే ఆట ఆ పెద్దవారిద్దఱి సొత్తగును. తక్కినవారు కొంతసేపు వారి వెనుక పరుగెత్తుదురు. పిమ్మట పరుగు మాని నిలిచిపోవుదురు. పుట్టినదినము జరుపుకొనుచున్న బాలికయే ఖాళీచేతులతో తల్లి కొంగు పట్టుకొని ఏడ్చుటయు సంభవింపవచ్చును. వంటింటి గుమ్మము దగ్గఱ ఇంకొక పిల్ల యుండవచ్చును. ఆమె తల్లి ఆ యింట పనిచేయునది. తనను ఎవరైన పిలుతురేమో యని ఆ పిల్ల చూచుచుండును. ఆమెను పిలువని వేటకు దేవకన్య పేరు పెట్టుట తగదు.

లోకమున అంతయు పోటీయే గదా, గెలుపు ఓటములు చిన్ననాడే అలవడవలదా యని కొందఱు వాదింతురు. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. కాని పోటీకి బడిలో ఆటస్థలము కలదు. అచ్చట పరుగెత్తువాడు గెలుపునకో ఓటమికో సిద్ధపడియే గీతకడ నిలుచును. పండుగకు వచ్చినవాడట్లు కాదు, అతడు అతిథి. అతిథిని ఇంటికి పిలిచి ఓడించి పంపుట ఏ దేశమందును మర్యాద కాదు. కావున ప్రతి పిల్లవాడును ఏదో ఒకటి కనుగొని తీరవలయునన్నది కూర్చువాని మొదటి నియమము కావలయును.

ఇది కష్టమైన పని కాదు. చదువురాని పాపకొఱకు ఒక చీటిలో అక్షరములకు బదులు బొమ్మ గీయవచ్చును. బల్లక్రింద అంటించిన చీటి పొట్టివారి కంటికే కనబడును. ఒక్కొక్క చీటిని ఒక్కొక్కరు చదువవలయునని దేవకన్య ఆజ్ఞాపించినట్లు వ్రాసినచో, సిగ్గరియైన బాలునికిని వంతు వచ్చును. అన్నిటికంటె మేలైన ఉపాయము తుది చీటిని 10 ముక్కలుగా కత్తిరించి తలకొక ముక్క ఇచ్చుట. పదిమందియు తమ ముక్కలను నేలపై చేర్చిన గాని ఆ చీటి చదువ వీలుపడదు. గుమ్మము దగ్గఱ నిలిచిన పిల్లకొఱకు పదునొకండవ ముక్కను ముందే కత్తిరించి యుంచినవాడు తెలివిగలవాడు మాత్రమే కాదు, మంచివాడును.

నిధి యనగా వెలగల బహుమతి కానక్కఱలేదు. చిన్న అట్టపెట్టెలో అందఱికి సమానముగా వేరుసెనగ ఉండలు, రంగు పెన్సిళ్ళు, బంతి విత్తనముల పొట్లములు ఉంచిన చాలును. పుట్టినదినము ఎవరిదో వారే మూత తీసి, తమ చేతితో పంచిపెట్టుట మంచిది. ఉండలు ఆ పూటతో సరి. విత్తనములు మాత్రము మొలకెత్తి, నెలలు గడచి, పువ్వులు పూచునాడు మరల ఆ యాటను జ్ఞప్తికి తెచ్చును.

దేవకన్యకు డబ్బు అక్కఱలేదని నాటకరంగము గూడ చెప్పుచున్నది. జే. ఎం. బారీ రచించిన 'పీటర్ పాన్' నాటకము 1904 డిసెంబరు 27వ తేదీన లండనులో మొదట ప్రదర్శింపబడెను. అందులో టింకర్ బెల్ అను ఫెయిరీ కలదు. ఆ వేషము ధరించి రంగముపైకి వచ్చిన నటి లేదు. అద్దముతో ఆడించిన ఒక చిన్న వెలుగు, గంటల సవ్వడి - ఇంతియే టింకర్ బెల్. ఆ వెలుగు మలగిపోవునట్లున్నపుడు, దేవకన్యలను నమ్మువారు చప్పట్లు కొట్టవలసినదిగా పీటర్ కోరును. పిల్లలు, పెద్దలు చప్పట్లు కొట్టుదురు. వెలుగు మరల ప్రకాశించును. 1929లో బారీ ఆ రచన హక్కులను లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి దానము చేసెను. చేతి అద్దముతో సాయంకాలపు టెండను గోడమీద ఆడింపగల బాలుడు ఏ యింటనైనను అట్టి దేవకన్యను రప్పింపగలడు. ఆ వెలుగును ఎవరి కన్నులలోను పడనీయకుండుట మాత్రము అతని బాధ్యత.

ఇక మిగిలినది అబద్ధము నేర్పుట యను ఆక్షేపణ. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఇంగ్లండులోని యార్క్ షైరు మండలమున కాటింగ్లీ అను గ్రామము కలదు. 1917లో అచ్చట ఎల్సీ రైట్, ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ అను ఇద్దఱు బాలికలు సెలయేటి ఒడ్డున దేవకన్యలతో నున్నట్లు ఛాయాచిత్రములు తీసిరి. ఫ్రాన్సిస్ కు అప్పటికి 9 ఏండ్లు. ఎల్సీ ఆమెకంటె పెద్దది. ఒక పిల్లల పుస్తకములోని బొమ్మలను చూచి, కాగితముపై గీచి, కత్తిరించి, టోపీలకు గ్రుచ్చు సూదులతో నిలిపి తీసిన చిత్రములవి. ఇంటివారిని కొంచెము ఆటపట్టింపవలయునన్నదే వారి తలంపు. కాని షెర్లాక్ హోమ్సు కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ ఆ చిత్రములను నిజమని నమ్మి, 1920లో పత్రికలో ప్రకటించెను. అంతటి పెద్దమనిషి నమ్మిన పిమ్మట నిజము చెప్పుటకు ఆ బాలికలకు నోరు రాలేదు. బొమ్మలు కత్తిరించిన సంగతి వారు 1983లో గాని ఒప్పుకొనలేదు. అప్పటికి వారిద్దఱును వృద్ధురాండ్రు.

కాగితపు బొమ్మలు చేయుట వారి తప్పు కాదు. ఆటను ఎప్పుడు ముగింపవలయునో తెలియకపోవుటయే వారికి బరువయ్యెను. ఒక మధ్యాహ్నపు వేడుక అఱువదియేండ్లకు పైగా దాచవలసిన రహస్యమైనది. ఆటకును మోసమునకును గల భేదము ఇచ్చటనే యున్నది. ఆటలో కల్పన యుండును, కాని అడిగినవానికి నిజము చెప్పబడును. మోసములో అడిగినను చెప్పబడదు. కథ విను పిల్లవాడు అబద్ధము నేర్చుకొనడు; ఊహించుట నేర్చుకొనును. తాను నిజముగా అడిగినపుడు గూడ పెద్దలు బొంకినచో, అప్పుడతడు అబద్ధమును నేర్చుకొనును.

ఏ యింటనైనను ఒకనాడు ఆ ప్రశ్న వచ్చియే తీరును. చీటీలోని అక్షరముల వంపును చూచి చెల్లెలు, "అక్కా, ఇది నీ వ్రాతయే గదా!" అని యడుగును. అప్పుడు అక్క నవ్వి ఔనని చెప్పవలయును. చెప్పి ఊరకుండక, "తమ్ముని పుట్టినదినమునకు నీవును నాతో కలసి వ్రాయుదువా?" అని అడుగవలయును. ఆ మాటతో చెల్లెలు దేవకన్యను పోగొట్టుకొనదు. తానే దేవకన్య యగును.

వెదకు వయస్సునుండి దాచు వయస్సునకు వచ్చుట మనుష్యుని యెదుగుదలలో ఒక మెట్టు. నిధి యెచ్చట నున్నదో తెలిసియు, చెప్పవలయునని నాలుక దురదపెట్టుచున్నను, పెదవి విప్పక ఒక మూల కూర్చుండుట సులభము కాదు. ఐదేండ్ల పాప బల్లక్రింద దూరి, బొమ్మ వేసిన చీటిని పైకెత్తి కేక వేయునపుడు, ఆ చీటిని అచ్చట అంటించినవాని పేరు ఎవరికిని తెలియదు. ఎవరును అతనిని మెచ్చుకొనరు. ఐనను ఆనాటి పండుగలో అందఱికంటె ఎక్కువ దొరకినది అతనికే. డబ్బిచ్చి పరులచేత ఏర్పాట్లు చేయించు ఇండ్లలో పిల్లలకు నిధి దొరకవచ్చును. ఈ భాగ్యము మాత్రము దొరకదు.